మాటలు తగ్గిన వారం

ఒకే క్లాసు, ఒకే సిలబస్, ఇంచుమించు ఒకే స్థాయి తెలివితేటలు. అయినా ఒకళ్లు చకచకా గట్టెక్కేస్తారు. ఇంకొకళ్లు టర్ము నడుమ నీరుగారిపోయి సబ్జెక్టులు వదిలేస్తారు, కొందరు కాలేజీయే మానేస్తారు. ఎందుకిలా? అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, హానోవర్ ఊళ్లో ఉన్న డార్ట్‌మత్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే ప్రొఫెసర్ ఆండ్రూ క్యాంప్‌బెల్‌ను ఈ ప్రశ్న పట్టుకుంది. అక్కడ టర్ము పది వారాలే. కొత్తచోట కుదురుకునేలోపే మిడ్‌టర్ములు, వాటి వెనకే అసైన్‌మెంట్లు, ఫైనల్స్. ఎవరు ఎక్కడ వెనకబడుతున్నారో చూసే తీరిక పక్కవాడికి కూడా ఉండదు.

ఆయన చేతిలో ఉన్న పనిముట్టు ఫోనే. 2008లోనే ఆయన బృందం సెన్స్‌మీ అనే యాప్ తయారుచేసింది. మనిషి నడుస్తున్నాడా, కూర్చున్నాడా, ఎవరితోనైనా కబుర్లలో ఉన్నాడా అన్నది ఫోనే పసిగట్టి అతని స్నేహితులకు తెలియజేసేది. అప్పటికది ఒక ముచ్చట. అదే విద్యతో మనసు సంగతి తెలుస్తుందా అన్న ఆలోచన 2013 వసంతకాలపు టర్ములో స్టూడెంట్‌లైఫ్ అనే అధ్యయనంగా రూపుకట్టింది. ఆండ్రాయిడ్ ప్రోగ్రామింగ్ క్లాసులోని 48 మంది విద్యార్థులు ఆ యాప్‌ను పది వారాలపాటు తమ వెంట ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు.

యాప్ నిద్రను ఎలా కనిపెట్టేదో చూడండి. గదిలో చీకటి. చప్పుడు లేదు. ఫోన్ కదలడం లేదు, ఎవరూ దాన్ని తెరవడం లేదు. ఈ ఆనవాళ్లన్నీ కలిస్తే నిద్రపోయినట్టు లెక్క. మైకు మనిషి గొంతును గుర్తుపట్టి, సంభాషణ ఎంతసేపు సాగిందో కొలిచేది. ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం రికార్డయ్యేది కాదు. ఆ గీత దాటకపోవడం నా దృష్టిలో ఈ పరిశోధనకు ప్రాణం. పిల్లల నమ్మకం పోయాక ఇక వాళ్ల మేలు గురించి మాట్లాడే హక్కు ఎవరికుంటుంది?

మూడ్ తెలుసుకోవడానికి వాడిన పద్ధతి నాకు మరీ నచ్చింది. తెరమీద 16 ఫొటోలు వచ్చేవి. ఇప్పుడు నీ మనసు ఏ ఫొటోలా ఉందో దానిమీద వేలు పెట్టాలి, అంతే. ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బానే ఉన్నా’ అనేసి తప్పించుకునే వయసది. ఫొటో ముందు అలా తప్పించుకోవడం కొంచెం కష్టం. టర్ము మొదట్లోనూ చివర్లోనూ పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం కూడా ఇచ్చారు. డిప్రెషన్ తీవ్రతను అంచనా వేయడానికి డాక్టర్లు వాడేది అదే.

2014లో ఫలితాలు వెలువడ్డాయి. తొలి వారాల్లో అందరూ హుషారు: కంటినిండా నిద్ర, నోరారా కబుర్లు. చదువు బరువు పెరిగేకొద్దీ ఒత్తిడి ఎక్కింది, నిద్ర తగ్గింది, నడక తగ్గింది, మాటలూ తగ్గాయి. నిద్ర తక్కువైనవాళ్లలో, నలుగురితో మాట్లాడటం తక్కువైనవాళ్లలో డిప్రెషన్ స్కోరు ఎక్కువగా కనబడింది. ఈ మాట హాస్టల్లో ఉన్న ఏ అక్కయినా చెప్పగలదు, నిజమే. కానీ అక్క చూపు ఒకరిద్దరి మీదే ఉంటుంది.

అయితే స్టూడెంట్‌లైఫ్ చూసిందే తప్ప చెయ్యి అందించలేదు. 2017లో డార్ట్‌మత్‌లో కొత్తగా చేరిన విద్యార్థులతో ఇంకా పెద్ద అధ్యయనం మొదలైంది. అందులోనూ 200 మందికి పైగా పిల్లలను వాళ్ల చదువు పొడుగునా గమనించడమే జరిగింది. నడుమ కోవిడ్ వచ్చిపడింది. 2020 మార్చిలో క్యాంపస్ ఖాళీ అయిన రోజుల్లో పిల్లల కదలికలు తగ్గిపోవడం, ఆందోళన, దిగులు పెరగడం ఆ లెక్కల్లో స్పష్టంగా పడ్డాయి.

తిరిగి ఏదైనా ఇచ్చే ప్రయత్నం 2024లో మైండ్‌స్కేప్‌తో కనిపించింది. అది డైరీ రాయించే యాప్. ఈ వారం నువ్వు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదని ఫోన్‌కు తెలుసు కాబట్టి, రాయడానికి ఇచ్చే ప్రశ్న కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. 20 మంది విద్యార్థులు ఎనిమిది వారాలు వాడి చూశారు. ఒంటరితనం, దిగులు కొంత తగ్గాయని తేలింది. ఇరవై మందితో ఏదీ తేల్చలేం, కానీ చూసి ఊరుకోవడం నుంచి పలకరించడం దాకా వచ్చారు, అది నాకు ఆశగా అనిపిస్తుంది.

మన దగ్గర కథ వేరు. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు చాలావాటిలో ఫోన్ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి దూరమై, తెల్లవారుజాము నుంచి స్టడీ అవర్లలో కూర్చునే పిల్లల నిద్రనూ మాటలనూ ఏ యాప్ లెక్కపెడుతుంది? అక్కడ మనిషే గమనించాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణంపై వచ్చిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా అదే దారి చూపింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలంది. టెలిమానస్ లాంటి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ల నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలంది. టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ పిల్లల హాస్టల్ గోడమీద ఆ నంబరు ఉందో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగండి.