వస్తువు నుంచి వాక్యానికి: యలమంచిలి ప్రాంతం నేపథ్యంగా ప్రకృతిపాఠాలు, ఆంగ్లభాషా బోధన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విజ్ఞానశాస్త్ర విషయాల ద్వారా, ప్రకృతి పరిశీలన ద్వారా ఆంగ్ల వ్యాకరణాన్నీ పదజాలాన్నీ పఠనాన్నీ నేర్పాలన్న ఆలోచనకు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ చరిత్ర ఉంది. గురజాడ అప్పారావు జన్మించిన యలమంచిలి పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, ‘కన్యాశుల్కం’లోని ఆంగ్ల సంభాషణ ఘట్టం మొదలుకొని నేటి ద్విభాషా పాఠ్యపుస్తకాల వరకు ఆ చరిత్రలోని ముఖ్యమైన మలుపులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యార్థికి తెలిసిన వస్తువు నుంచి బయలుదేరని పాఠం, అది ఆంగ్లమైనా గ్రాంథిక తెలుగైనా, కంఠస్థంగానే మిగులుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆంగ్లభాషా బోధన, ప్రకృతిపాఠం, యలమంచిలి, గురజాడ, గిడుగు, వ్యావహారిక భాషోద్యమం, ద్విభాషా పాఠ్యపుస్తకం.

1. ఉపోద్ఘాతం

యలమంచిలి ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోని సర్వసిద్ధి తాలూకాకు కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అనకాపల్లి జిల్లాలో చేరింది. దానికి సమీపంలోని సర్వసిద్ధి రాయవరంలో 1862లో గురజాడ అప్పారావు మాతామహుల ఇంట జన్మించారు. ఆ పరిసరాల్లోనే వరాహనది ఒడ్డున లక్కబొమ్మలకు ప్రసిద్ధమైన ఏటికొప్పాక ఉంది. ఆంగ్లం చదివి, ఆంగ్లంలో కవిత్వం రాసి, చివరకు తెలుగు వాడుకభాషకు నిలబడిన రచయిత ఒకవైపు, చెట్టునూ రంగునూ వేడినీ చేతివేళ్లతో ఎరిగిన చేతివృత్తి మరొకవైపు ఈ నేలకు చెందినవే. భాషాబోధన చరిత్రలో ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అగ్నిహోత్రావధానుల ఇంట ఆంగ్లం

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రం యూరోపియన్ విజ్ఞానాన్ని దేశంలో వ్యాపింపజేయడమే విద్య లక్ష్యమని చెప్పింది. ఉన్నతవిద్యకు ఆంగ్లాన్నీ, సామాన్య జనుల విద్యకు దేశభాషలనూ వాహకాలుగా పేర్కొంది. అంటే ఆ పత్రంలో భాష సాధనం, విజ్ఞానం సాధ్యం. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, మెట్రిక్యులేషన్ పరీక్ష ఉద్యోగానికి ద్వారమైన తరువాత ఈ క్రమం తలకిందులైంది. ఆంగ్లమే సాధ్యమైంది. పాఠ్యవిషయం పరీక్షలో అప్పగించవలసిన సామగ్రిగా మారింది.

దీనికి ‘కన్యాశుల్కం’కన్న మంచి సాక్ష్యం దొరకదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన రూపంలో వెలువడిన ఈ నాటకంలో, అగ్నిహోత్రావధానుల ఇంట గిరీశం, వెంకటేశం ఆంగ్లంలో ‘మాట్లాడుకునే’ ఘట్టం సుప్రసిద్ధం. కొడుకు చదువు చూసి తల్లి మురిసిపోవాలని జరిగే సంభాషణ అది. అందులో నక్షత్రాన్ని గురించిన శిశుగేయం ఉంది, రీడరులోని పద్యం ముక్క ఉంది, రూపు చెడిన రేఖాగణిత సిద్ధాంతం ఉంది, నామవాచకాల బహువచనాన్ని గురించిన వ్యాకరణసూత్రం ఉంది. ఒక్కొక్కటీ ఆంగ్లమే. అన్నీ కలిపితే అర్థం శూన్యం.

ఈ ఘట్టాన్ని విమర్శకులు సాధారణంగా గిరీశం డాంబికానికి నిదర్శనంగా చూస్తారు. బోధనచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం కనిపిస్తుంది. నక్షత్రం ప్రకృతి విషయం, రేఖాగణితం శాస్త్రవిషయం, బహువచనసూత్రం వ్యాకరణం. ఆంగ్లపాఠానికి కావలసిన సామగ్రి అంతా వెంకటేశం దగ్గర ఉంది. లేనిది వాటిని కలిపే అనుభవం. అతడు ఏకరువు పెట్టే బహువచనసూత్రాన్నే తీసుకుందాం. ఎఫ్ అక్షరంతో ముగిసే కొన్ని నామవాచకాలు బహువచనంలో వీఈఎస్‌గా మారతాయన్నది సూత్రం. దానికి లోబడే పదాలు ఏవి? లీఫ్ (ఆకు), కాఫ్ (దూడ), షీఫ్ (పన), వుల్ఫ్ (తోడేలు). వీటిలో మొదటి మూడూ అగ్రహారపు పిల్లవాడు ప్రతిరోజూ చూసేవే. ఆకులు లెక్కపెడుతూ, దూడలను చూపుతూ లీవ్స్, కావ్స్ అని పలికించి ఉంటే సూత్రం చెప్పకముందే భాష వచ్చేది. రూఫ్ వంటి పదం ఈ సూత్రానికి లొంగదని కూడా ఇంటికప్పు వైపు చూపించి చెప్పవచ్చు. వెంకటేశానికి సూత్రం అందింది, ఆకు అందలేదు.

3. వస్తుపాఠం, ప్రత్యక్ష పద్ధతి

వస్తువును ముందుంచి మాట నేర్పే పద్ధతి ఆ కాలానికి తెలియనిది కాదు. స్విస్ విద్యావేత్త పెస్టలోజీ ఆలోచనల ప్రేరణతో ఇంగ్లండులో ఎలిజబెత్ మేయో 1830 ప్రాంతంలో వస్తుపాఠాల పుస్తకాన్ని ప్రచురించారు. గాజు, రబ్బరు, తోలు వంటి పదార్థాన్ని పిల్లలకు అందించి, వారు గమనించిన గుణాలకు పేర్లు చెప్పించడం అందులోని పద్ధతి. అది ఒకేసారి పదార్థవిజ్ఞాన పాఠమూ, విశేషణాల పాఠమూ. 1872 నుంచి మాక్మిలన్ సంస్థ వెలువరించిన విజ్ఞానశాస్త్ర ప్రవేశికల్లో రాస్కో రసాయనశాస్త్రాన్నీ బాల్ఫర్ స్టువర్ట్ భౌతికశాస్త్రాన్నీ ప్రయోగాల ద్వారా, చిన్న వాక్యాలతో వివరించారు.

భాషాబోధనలోనూ ఇటువంటి మార్పే వచ్చింది. ఫ్రాన్సులో గువాఁ 1880లో వెలువరించిన గ్రంథంలో పనులను వరుస క్రియలుగా విడగొట్టి భాష నేర్పాలన్నాడు. జర్మనీలో వియెటర్ 1882లో వ్యాకరణ–అనువాద పద్ధతిపై ధ్వజమెత్తాడు. ఈ ఆలోచనల నుంచి రూపుదిద్దుకున్న ప్రత్యక్ష పద్ధతి వస్తువుకూ పరభాషాపదానికీ నేరుగా ముడివేయాలని చెప్పింది. అయితే ఈ పద్ధతుల వెనుక ఒక అంగీకారం ఉంది: విద్యార్థికి ఆ వస్తువును గురించి తన భాషలో ముందే ఎరుక ఉంటుంది. తెలుగుదేశంలో చిక్కు వచ్చింది ఇక్కడే.

4. యేట్స్ ప్రశ్న

ఇరవయ్యో శతాబ్ది తొలిదశకంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు తెలుగు తరగతులు విచిత్రంగా కనిపించాయి. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, వారి పుస్తకంలోని తెలుగు మరొకటి. ఈ తేడాకు కారణమేమిటని ఆయన విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడగడం, ఆయన గురజాడ, గిడుగు రామమూర్తి వైపు చూపించడం వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో తెలిసిన విషయాలు. శ్రీనివాస అయ్యంగారు 1909లో దేశభాషల పక్షాన ఆంగ్లంలో ఒక పుస్తకం వెలువరించారు. 1912–13లో స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో ఆధునిక భాషకు లభించిన అనుమతి పండితుల ప్రతిఘటనతో నిలవలేదు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు.

ఈ వివాదాన్ని సాహిత్యచరిత్ర శైలీవివాదంగా నమోదు చేసింది. కాని అది మొదలైంది తరగతిగదిలో. ఒక తనిఖీ అధికారి అడిగిన బోధనాప్రశ్న అది. ఆకు అని పలికే పిల్లవాడికి పుస్తకం ‘పత్రము’ అని నేర్పితే తెలుగు పాఠమే అనువాదపాఠమవుతుంది. అటువంటి విద్యార్థికి లీఫ్ అన్న మాట మూడో మెట్టు. మొదటి రెండు మెట్ల మధ్య దూరాన్ని తగ్గించకుండా మూడోది ఎక్కించలేం. ఆంగ్లభాషా బోధన సంస్కరణకు తెలుగుభాషా బోధన సంస్కరణ పూర్వరంగమని ఈ దృష్టితో చెప్పవచ్చు.

5. తెలుగులో విజ్ఞానం

ఇదే సమయంలో విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులో చెప్పే ప్రయత్నం మరో పాయగా సాగింది. ఉపాధ్యాయుడుగా జీవితాన్ని ఆరంభించిన కందుకూరి వీరేశలింగం జంతువుల స్వభావాన్ని గురించీ శరీరశాస్త్రాన్ని గురించీ జ్యోతిశ్శాస్త్రాన్ని గురించీ పుస్తకాలు రాశారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు చొరవతో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతోపాటు జీవ, రసాయన, పదార్థవిజ్ఞాన శాస్త్రాలను తెలుగు పాఠకులకు అందించింది. వీటి రచయితలు ఆంగ్లంలో చదివి తెలుగులో రాసినవారు. వారి పుస్తకాల ద్వారా విషయాన్ని గ్రహించిన విద్యార్థి తరువాత ఆంగ్లగ్రంథాన్ని విప్పినప్పుడు అతడికి తెలియనిది మాట మాత్రమే, భావం కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయిలో ఈ పనినే కొనసాగించింది. ఈ కృషిని ఆంగ్లానికి ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడటం వల్ల, అది ఆంగ్లపఠనానికి వేసిన పునాదిని మనం గుర్తించలేదు.

6. నిర్మాణ పద్ధతి నుంచి విషయాధారిత బోధన వరకు

స్వాతంత్ర్యానంతరం ఆంగ్లబోధన శాస్త్రీయ శిక్షణ బాట పట్టింది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అదే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి మూలం. ఆనాడు ప్రాబల్యంలో ఉన్న నిర్మాణ పద్ధతి వాక్యనిర్మాణాలను సులభం నుంచి కఠినానికి వరుసపెట్టి అభ్యాసం చేయించింది. క్రమశిక్షణ దాని బలం. చెప్పడానికి విషయం లేకపోవడం దాని లోపం. బల్లమీద పుస్తకం ఉందని అందరికీ కనిపిస్తున్నప్పుడు, ఆ వాక్యాన్ని పలకవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఈ లోపాన్ని 1978లో విడ్డోసన్ సూటిగా చర్చించారు. విద్యార్థి ఇతర తరగతుల్లో చదువుతున్న శాస్త్రవిషయాలనే ఆంగ్లబోధనకు ఆధారం చేసుకోవాలని ప్రతిపాదించారు. 1979–84 మధ్య ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు కేంద్రంగా దక్షిణభారత పాఠశాలల్లో నడిపిన ప్రయోగం, వ్యాకరణాన్ని నేరుగా బోధించకుండా పటాలు, కాలపట్టికలు, లెక్కల వంటి సమస్యలను ఆంగ్లంలో పరిష్కరింపజేసింది. మనసు అర్థంపై నిలిచినప్పుడు రూపం అలవడుతుందన్నది ఆయన భావన. మాట నిజం కావాలంటే దాని వెనుక పని ఉండాలన్న పెస్టలోజీ ఆలోచనే ఇక్కడ కొత్త పరిభాషలో తిరిగివచ్చింది.

7. ఏటికొప్పాక: వ్యాకరణానికి ప్రయోగశాల

ఈ సూత్రాన్ని యలమంచిలి పరిసరాలకు అన్వయించి చూడవచ్చు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు కర్రను ఆరబెట్టి, తరిణిపై తిప్పుతూ చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగులక్కను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పరుచుకుంటుంది. విత్తనాలు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు ఈ వృత్తి ప్రత్యేకత. వృక్షశాస్త్రం, రాపిడి, ఉష్ణం, పదార్థస్థితుల మార్పు అన్నీ ఇందులో ఉన్నాయి.

ఆంగ్ల వ్యాకరణంలో తెలుగు విద్యార్థిని ఇబ్బందిపెట్టే రెండు అంశాలను ఇక్కడ పరిశీలిద్దాం. మొదటిది కర్మణి ప్రయోగం. ‘కర్ర ఆరబెట్టబడుతుంది’ అని తెలుగువాడు మాట్లాడడు. ‘కర్రను ఆరబెడతారు’ అంటాడు. కర్త ఎవరో చెప్పనక్కరలేని చోట తెలుగు బహువచనక్రియతో సరిపెడుతుంది. ఆంగ్లం కర్మణిని వాడుతుంది. శాస్త్రవిషయక ఆంగ్లంలో ప్రక్రియావర్ణనకు అదే సహజరూపం. ‘రాముడిచే రావణుడు చంపబడెను’ వంటి వాక్యాలను మార్చడం వల్ల ఈ అవసరం బోధపడదు. బొమ్మ తయారీని వరుసగా చెప్పవలసి వచ్చినప్పుడే బోధపడుతుంది.

రెండోది కాలం. ‘లక్క వేడికి కరుగుతుంది’, ‘ఇంకాసేపటికి ఈ లక్క కరుగుతుంది’ అన్న రెండు వాక్యాల్లోనూ తెలుగు క్రియ ఒకటే. తద్ధర్మాన్నీ భవిష్యత్తునూ తెలుగు ఒకే రూపంతో చెబుతుంది. ఆంగ్లంలో మొదటిది మెల్ట్స్, రెండోది విల్ మెల్ట్. ప్రకృతి నియమానికీ జరగబోయే సంఘటనకూ ఉన్న భేదం కళ్ల ముందు ఉన్నప్పుడు క్రియారూపభేదం సూత్రంగా కాక అవసరంగా తోస్తుంది. ఈ రెండు చోట్లా విద్యార్థికి తెలుగు అడ్డంకి కాలేదు. రెండు భాషల తేడాను చూపే అద్దమైంది.

8. ద్విభాషా పుస్తకం: పాత ప్రశ్న

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. అయినా 2020–21 నుంచి ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఆంగ్లంలో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు తరగతిగదుల్లోకి వచ్చాయి. మాధ్యమ వివాదాన్ని పక్కనపెట్టి చూస్తే, విజ్ఞానశాస్త్రం ద్వారా ఆంగ్లం నేర్చుకోవడానికి ఇంతకుముందు లేని సాధనం ఇది.

కాని యేట్స్ ప్రశ్న ఈ పుస్తకానికీ వర్తిస్తుంది. ఆంగ్లపుటలో ఫోటోసింథసిస్, క్లోరోఫిల్ ఉంటాయి. తెలుగుపుటలో కిరణజన్య సంయోగక్రియ, పత్రహరితం ఉంటాయి. పారిభాషిక పదాలు తప్పనివే. అయితే ఆకు ఎండలో ఆహారం తయారుచేసుకుంటుందన్న మాట ఏ పుటలోనూ ముందు రాకపోతే, రైతుబిడ్డ రెండు అపరిచిత భాషల మధ్య నిలబడతాడు. అప్పుడు ఎదురెదురు పుటలు ఒకదానికొకటి అర్థం చెప్పవు. రెండూ కంఠస్థమవుతాయి.

9. ముగింపు

ఈ చరిత్రలో తెలుగా ఆంగ్లమా అన్న ప్రశ్న పదేపదే ముందుకు వచ్చింది. పరిశీలించినప్పుడు అసలు దూరం ఆ రెండు భాషల మధ్య కన్న, పిల్లవాడు ఎరిగిన వస్తువుకూ పుస్తకంలోని వాక్యానికీ మధ్యనే ఎక్కువగా కనిపిస్తుంది. వెంకటేశం సూత్రం, గిడుగు ఎదిరించిన గ్రాంథిక వాచకం, విషయం లేని నిర్మాణాభ్యాసం ఈ దూరానికి మూడు రూపాలు. వస్తువును ముందు చూసి, తన మాటలో చెప్పి, ఆ తరువాత ఆంగ్లవాక్యాన్ని నిర్మించడం అనే క్రమాన్ని పాటించిన చోట వ్యాకరణం, పదజాలం, పఠనం మూడూ ఒకే పాఠంలో ఇముడుతాయి. స్థానిక వృత్తులు, పంటలు, చెట్ల ఆధారంగా ఇటువంటి పాఠాలను రూపొందించి, ద్విభాషా పుస్తకాలతో జోడించి పరీక్షించవలసిన బాధ్యత తెలుగు, ఆంగ్ల, విజ్ఞానశాస్త్ర శాఖల పరిశోధకులందరిదీ. యలమంచిలి పిల్లవాడికి ఆకు ఎప్పుడూ అందుబాటులోనే ఉంది. దాన్ని పాఠంలోకి తేవడమే మిగిలింది.