పూర్వ నల్లగొండ జిల్లాలో సహిత విద్య: ప్రధానోపాధ్యాయుల పాత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 అక్టోబరు 11 దాకా ఒకే నల్లగొండ జిల్లాలో ఉండేవి. నాటి పునర్విభజనలో మొదటి రెండు పట్టణాలూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా మిర్యాలగూడ పాత జిల్లాలోనే మిగిలింది. అంతవరకూ ఒకే జిల్లా కనుక, వైకల్యం ఉన్న పిల్లల చదువు విషయంలో ఈ మూడింటి గతం ఉమ్మడిదే. ఫ్లోరైడు నీళ్లు ఎముకలను వంచేసిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలూ ఆ జిల్లావే అయినా, నీటి కోసం సాగినంత పోరాటం బడి కోసం సాగలేదు.

కేంద్రం 1974లో తెచ్చిన సమీకృత విద్యా పథకం ఈ పిల్లలను మామూలు బడిలోకి రానిచ్చింది గానీ, బడి పద్ధతులకు సర్దుకునే భారాన్ని వారిమీదే ఉంచింది. తర్వాత వచ్చిన సహిత విద్య, అంటే పిల్లవాడికి తగినట్టు బడే మారాలనే విధానం, ఆ భారాన్ని బడిమీదికి మార్చింది. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించగా 2016 చట్టం 21 రకాలను గుర్తించడంతో, అంతవరకు మొద్దు అనో అల్లరివాడనో ముద్రపడిన పిల్లల్లో కొందరికి అభ్యసన వైకల్యం ఉందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఒప్పుకోలు తరగతి గదిదాకా రావడం మాత్రం ప్రధానోపాధ్యాయుని (హెచ్‌ఎం) చేతిలోనే ఉంది. నాయకత్వంలో నిబంధన మేరకు పని, పనికి తగిన ప్రతిఫలం అనే లావాదేవీ పద్ధతినీ, తోటివారి ఆశయాలనే మార్చే పరివర్తన పద్ధతినీ నాయకత్వంపై అధ్యయనం చేసిన జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో వేరుచేసి చూపాడు. పదో తరగతి ఉత్తీర్ణత శాతంతోనే విలువ కట్టించుకునే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హెచ్‌ఎం మొదటి పద్ధతికే అలవాటుపడడం సహజం. అటువంటి చోట వైకల్య ధ్రువపత్రం చూడగానే పిల్లవాడిని మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి పంపితే బాధ్యత తీరిందనిపిస్తుంది, హాజరు పట్టీలో పేరుంటుంది, బెంచీమీద పిల్లవాడుండడు. ర్యాంపు కట్టాలంటే నిధులు రావాలి, అది నిజమే. కానీ మేడమీది పదో తరగతిని చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి కోసం కింది గదిలోకి మార్చడానికి హెచ్‌ఎం నిర్ణయం చాలు.

అటువంటి ఏర్పాటు చేసిన హెచ్‌ఎం బదిలీ అయితే అదీ ఆయనతోనే పోయే ప్రమాదం ఉంది కనుక, నమోదైన వైకల్య బాలల్లో ఎందరు తోటివారి మధ్య కూర్చుని చదువుతున్నారన్నది కూడా ప్రధానోపాధ్యాయుల పనితీరుకు కొలమానం కావాలి. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల విద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఉత్తీర్ణత శాతం కన్నా ముందు ఆ లెక్క అడగాలి.