నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?

వాలంటీర్ల శిక్షణలో మాకు మొట్టమొదట నేర్పింది ఒక ప్రశ్న అడగకూడదని. "నీకు ఇల్లు లేదా?" అని ఎవరినీ అడగవద్దు. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అని మాత్రం అడగండి అన్నారు.

అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో నేనుండే ఊళ్ళో ఏటా జనవరి చివర ఇళ్ళు లేనివాళ్ళని లెక్కపెడతారు. ఇరవై అయిదేళ్ళలోపు పిల్లల కోసం వేరే బృందం ఉంటుంది. ఊరి లైబ్రరీలో ఒక గదిలో శిక్షణ. మొదటి ఏడాది నేర్చుకోడానికి వెళ్ళాను. తర్వాత నేర్పడానికి వెళ్తున్నాను.

ఆ మొదటి రోజు మాకు నేర్పినవాళ్ళలో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది. రెండేళ్ళు ఇల్లు లేకుండా తిరిగిన పిల్ల. "మీరు నన్ను వంతెన కింద వెతుకుతారు. నేనక్కడ ఎందుకుంటాను? రాత్రంతా తిరిగే బస్సులో ఉంటాను. స్నేహితురాలింట్లో సోఫా మీద ఉంటాను. అదీ కుదరకపోతే నాకిష్టం లేని ఒకడి గదిలో ఉంటాను" అంది. కనపడకుండా ఉండడమే తన రక్షణ. కనపడినవాళ్ళని లెక్కపెట్టడం మా పని.

ఈ చిక్కు కొత్తది కాదు. 1984లో అమెరికా ప్రభుత్వం దేశంలో ఇళ్ళు లేనివాళ్ళు రెండున్నర నుంచి మూడున్నర లక్షలని అంచనా వేసింది. ఇరవై ముప్ఫై లక్షలని ఉద్యమకారులన్నారు. వాళ్ళలో ముఖ్యుడు మిచ్ స్నైడర్ తన అంకెకి ఆధారం లేదని తనే ఒప్పుకున్నాడు. 1990 మార్చి 20 రాత్రి జనాభా లెక్కల శాఖ షెల్టర్లలోనూ వీధుల్లోనూ లెక్కపెట్టింది. అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు దాకా వీధులు. పాడుబడ్డ భవనాల్లోకి వెళ్ళకూడదు, తెల్లవారుజామున బయట నిలబడి, వచ్చేవాళ్ళని రాసుకోవాలి. నిద్రపోతున్నవాళ్ళని లేపకుండా ఆడో మగో, వయసెంతో చూసి వేసుకోవాలి. మొత్తం సుమారు 2,28,000 మంది తేలారు. ఇళ్ళు లేనివాళ్ళందరి లెక్కా ఇది కాదని ఆ శాఖే చెప్పింది. దుప్పటి ముసుగేసుకుని, మగవాడిలా కనపడేలా టోపీ పెట్టుకుని పడుకున్న ఆడమనిషిని ఆ రాత్రి ఏమని రాసుకుని ఉంటారు?

యువత కోసం వేరే పద్ధతి కావాలన్న గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. 2013లో తొమ్మిది చోట్ల ప్రయోగాత్మకంగా చేశారు. 2016-17లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చాపిన్ హాల్ వీధుల్లో లెక్కతో ఆగకుండా దేశమంతటా ఫోన్ సర్వే కూడా చేసింది. 18-25 ఏళ్ళవాళ్ళలో పదిమందిలో ఒకరు ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు నిలువ నీడ లేక గడిపారని తేలింది. వాళ్ళలో దాదాపు సగం మంది వీధిలోకి రానే లేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ గడిపారు. పెళ్ళి కాకుండా పిల్లల్ని కన్నవాళ్ళకి ఈ ప్రమాదం మిగతావాళ్ళకంటే మూడు రెట్లు.

చట్టం కూడా ఈ పిల్లల విషయంలో రెండు నాలుకలతో మాట్లాడుతుంది. గతిలేక ఇంకొకరింట్లో తలదాచుకునే పిల్ల బడి లెక్కలో ఇల్లు లేనిది. గృహవసతి శాఖ జనవరి లెక్కలో అదే పిల్ల ఇల్లున్నది.

ఆ అమ్మాయి మాటలు విన్న రోజు నాకు 1991 గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండు. కుదిర్చిన పెళ్ళి వద్దన్నానని నాన్న తలుపేశాడు. హైదరాబాదులో ఒక స్నేహితురాలి హాస్టల్ గదిలో వార్డెన్‌కి తెలియకుండా మంచం కింద పడుకున్నాను. తర్వాత ఇంకో స్నేహితురాలి గది. తర్వాత ఒక బంధువులిల్లు. అక్కడ రాత్రిపూట తలుపుకి అడ్డంగా ట్రంకుపెట్టె జరుపుకునేదాన్ని. ఆ ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా దేశంలో జనాభా లెక్కలు జరిగాయి. లెక్కలు రాసే మేష్టారు మా ఇంటికొస్తే అమ్మ నా పేరు రాయించిందట. "అమ్మాయి ఇక్కడే ఉంది" అందట. నలుగురిలో ఇంకేం చెప్తుంది పాపం! ఏ ఇంటి తలుపు నాకు మూసుకుందో ఆ ఇంట్లోనే నేను లెక్కకొచ్చాను.

2011 ఫిబ్రవరి 28 రాత్రి మన దేశంలో ఫుట్‌పాత్‌లు, వంతెనల కింద, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు తిరిగి లెక్కపెడితే 17.7 లక్షల మంది తేలారు. వాళ్ళలో వెయ్యిమంది మగవాళ్ళకి ఆడవాళ్ళు 694 మంది. దేశం మొత్తం మీద 943. ఈ తేడాని చూసి ఆడవాళ్ళకి కాస్త మెరుగ్గా ఇళ్ళున్నాయని అనుకోవచ్చు. నేనలా అనుకోలేను. ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకున్న గదులెన్నో ఆ లెక్క చెప్పదు.

అందుకే శిక్షణలో చిన్న చిన్న సంగతులకే ఎక్కువసేపు కేటాయిస్తాను. నిలబడి వంగి మాట్లాడొద్దు, పక్కన కూర్చోండి. పేరు అడగొద్దు. ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కర్లేదని ముందే చెప్పండి. పక్కన మగవాడుంటే ఆ అమ్మాయిని అతని ముందు అడగొద్దు. "నిన్న ఎక్కడ పడుకున్నావు?" తర్వాత "రేపు కూడా అక్కడే ఉండొచ్చా? అక్కడ నీకు భయం లేదా?" అని అడగండి. "ఇదంతా చెప్తే నాకేమిస్తారు?" అని అడిగితే అబద్ధం చెప్పొద్దు. ఈ రోజుకి తిండి, నాలుగు ఫోన్ నంబర్లు. ఈ అంకెలు చూపించి నిధులు అడుగుతాం, వస్తాయో రావో తెలియదు.

మన దేశంలో 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. కొత్త లెక్కకి 2027 మార్చి 1ని ప్రామాణికంగా ప్రకటించారు. మీలో టీచర్లుంటే ఆ పని మీ చేతికే రావచ్చు. అందులో ఈ ప్రశ్నలకి గడి ఉండదు. "అమ్మాయి ఇక్కడే ఉంది" అని తల్లి తలొంచుకుని చెప్తే మీరు చెయ్యగలిగిందీ పెద్దగా లేదు. కానీ ఆ అంకెలు అచ్చయినప్పుడు వాటిని ఎలా చదవాలో మాత్రం మీకు తెలిసి ఉంటుంది.

శిక్షణ చివర వాలంటీర్లని ఒకరినొకరు అదే ప్రశ్న అడుక్కోమంటాను. మీ జీవితంలో ఏదో ఒక రాత్రి గురించి. క్రిందటేడు డెబ్బై ఏళ్ళావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెళ్ళయిన మూడో ఏడు. ఇద్దరు పిల్లలతో కారులో, తొమ్మిది రాత్రులు. దాన్ని ఇలా అంటారని ఇవాళే తెలిసింది" అంది.

మర్నాడు తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చింది ఆవిడే. ఫ్లాస్కు నిండా వేడి చాక్లెట్ తెచ్చింది.