కుడివైపు సీట్లో ప్రేమ్ మాథుర్

మార్చి వస్తే ఆదివారం అనుబంధాలవాళ్ళ మీద రెండు గడువులు పడతాయి. 8న మహిళా దినోత్సవం, 23న శంషాబాద్ విమానాశ్రయం పుట్టినరోజు. 2008లో ఆ రోజే బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలివచ్చాయి. రెంటికీ కలిపి ఒకే వ్యాసం చాలన్నారు ఎడిటర్ గారు.

శంషాబాద్ పాత కథకి ఎంతోసేపు పట్టదు. పైగా వంశపు నవాబుల ఊరు, చెరువులు, ద్రాక్షతోటలు, సినిమావాళ్ళు వదలని అమ్మపల్లి రాముడి గుడి. బేగంపేటా ఆ పైగా వంశానిదే. నిజాం కూతురు బషీరున్నీసా బేగం ఆ ఇంటి కోడలైనప్పుడు కట్నంగా వచ్చిన నేల అంటారు. కట్నం నేల మీద రన్‌వే పడింది! ఆడవాళ్ళూ యంత్రాలూ అన్న సంగతి ఫర్మానాలు రాసినవాళ్ళకి పట్టలేదు కాబట్టి సూటిగా 1940ల్లో దిగుతాను.

1945లో నిజాం సర్కారు, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. దాని విమానాలు డకోటాలు. డకోటా అందం చూడాలి: తోక కింద చిన్న చక్రం, ముక్కు ఆకాశంలోకి. లోపలికెక్కాక కాక్‌పిట్ దాకా నడవడమంటే గుట్ట ఎక్కడమే.

ఆ గుట్ట ఎక్కిన ఆవిడ ప్రేమ్ మాథుర్. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. మన దేశంలో ఆ లైసెన్సు అందుకున్న తొలి మహిళ. ఎనిమిది కంపెనీలు పొమ్మన్నాయట. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు జడుసుకుంటారని వాళ్ళ వాదన. అసలు జడుసుకున్నది ఆఫీసు కుర్చీల్లోవాళ్ళేనని నా అనుమానం. రమ్మన్నది మన హైదరాబాద్ కంపెనీ. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచారు.

అయినా ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, దక్కలేదు. గంటలు నిండినా కుడి సీట్లో కో-పైలటే. చివరికి ఢిల్లీ వెళ్ళి బిర్లా గారి సొంత విమానం నడిపారని చెబుతారు. హైదరాబాద్ తలుపు తీసింది గానీ గడప దాటనివ్వలేదు. 1953లో దక్కన్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. ఎనిమిదికీ ఆవిడకీ ఏదో లంకె ఉన్నట్టుంది.

రెండు సీట్లలోనూ ఆడవాళ్ళే కూర్చోవడానికి 1985 నవంబరు దాకా పట్టింది. సౌదామినీ దేశ్‌ముఖ్, నివేదితా భాసిన్, కలకత్తా నుంచి సిల్చార్‌కి.

తర్వాత కథ వరసలో నడవదు. కంచన్‌బాగ్‌ రక్షణ పరిశోధన కేంద్రంలో టెస్సీ థామస్ 2011లో అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్టు డైరెక్టర్. శంషాబాద్ దాటి ఆదిబట్ల వెళ్తే టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. రివెట్ కొట్టడం ఇద్దరి పని. ఒకరు ఇవతల గన్ పడితే, ఇంకొకరు అవతల ఇనుప దిమ్మె అదిమి పట్టాలి. ఆ చేతుల్లో ఇప్పుడు ఆడపిల్లల చేతులూ ఉన్నాయి. దేశంలో పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం, ప్రపంచ సగటుకి దాదాపు మూడు రెట్లు. విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే మెయింటెనెన్స్ ఇంజనీర్లలో మాత్రం ఇంకా తక్కువే. అక్కడ పని రాత్రిళ్ళు. "నైట్ షిఫ్టు చేయగలవా అమ్మా?" అని ఆడపిల్లనే అడుగుతారు, పక్కనున్న కుర్రాణ్ణి అడగరు.