బల్లమీది యుద్ధములు



మన గ్రామములలో రచ్చబండమీద పులిజూదము గాని చదరంగము గాని సాగుచుండగా తగవు పుట్టుట మీరందరును చూచియే యుందురు. ముట్టిన కాయ కదపవలసినదే యని యొకడు, చేయి విడువలేదు గనుక ఎత్తు కాలేదని మరియొకడు. నేను బడిపంతులుగా నున్న దినములలో ఇట్టి తగవులు తీర్చుటయు నా పనులలో నొకటిగా నుండెను. అయినను చదరంగపు తగవు చిన్నది. నీ వంతు వచ్చువరకు నీ గుఱ్ఱము కదలదు, నా వంతు వచ్చువరకు నా యేనుగు కదలదు. ఇది యిరువురకును సమ్మతమే. చతురంగమను పేరు సేనయొక్క నాలుగంగములనుండి వచ్చినదే యైనను, యుద్ధ మిట్లు వంతులవారీగా జరుగునని ఎవడును భ్రమపడడు.

ఈ యాటనే నిజమైన యుద్ధమునకు ప్రతిబింబముగా చేయవలెనని పూనుకొన్నవారు పశ్చిమదేశములలో కొందరు గలరు. వారికి పెద్ద చిక్కు ఆయుధముల విషయమున రాలేదు. కాలము విషయమున వచ్చెను.

జర్మను భూములలో బ్రన్స్విక్ నగరమందు హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు 1780లో చదరంగమును పెంచి, 1,617 గడుల బల్లమీద కొండలు, నీళ్లు, ఊళ్లు, ఫిరంగులు గల యుద్ధక్రీడను ప్రకటించెను. ఆయన పురుగులనుగూర్చిన శాస్త్రమునందును ప్రసిద్ధుడు. ఉపాధ్యాయులకు ఇట్టి వ్యసనము లుండుట క్రొత్తగాదు. గడులకు భూమి రంగులు వచ్చినవి గాని, వంతు మాత్రము చదరంగపు వంతుగానే నిలిచెను.

ఆ వంతులోని లొసుగును కొంచెము విప్పి చెప్పెదను. ఒక యింటి చాటున గుఱ్ఱపుదళ మున్నదనుకొనుడు. దాని వంతు రాగానే బయలును దాటి ఎదుటి ఫిరంగిమీద పడును. నిజమునకు అది యంతదూరము వచ్చులోపల ఫిరంగివాండ్రు రెండుమూడు మారులైనను కాల్చియుందురు. బల్లమీద వారి వంతు కాదు గనుక చేతులు కట్టుకొని నిలువవలసినదే. నియమ మెక్కడను తప్పలేదు. జరిగినది మాత్రము అబద్ధము. యుద్ధ మెరిగినవానికంటె పుస్తకమును వల్లెవేసినవాడు గెలుచుట ఈ సందులోనే.

ఈ సందును పూడ్చుటకు మొదట గట్టిప్రయత్నము చేసినది ప్రష్యా దేశపు తండ్రికొడుకులు. తండ్రి రైస్విట్స్ సివిలు ఉద్యోగి. 1812లో తన యుద్ధపుబల్లను రాజునకు సమర్పించెను. కొడుకు ఫిరంగిదళములో లెఫ్టెనెంటు. 1824లో దానిని సంస్కరించి నియమగ్రంథము ప్రకటించెను. గడులు పోయినవి. ఎనిమిదివేల అడుగుల నేల ఒక అడుగుగా గీచిన పటము వచ్చెను. ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు సరి. ఆ రెండు నిమిషములలో కాలిబంటు నడవగలిగినంత నడచును, అంతకుమించి గీటైనను కదలరాదు. వంతు చిన్నదైనకొలది ఎదుటివాడు ఊరక నిలుచు కాలమును చిన్నదగును గదా!

అంతటితో నిలువక ఆయన మధ్యస్థుని నియమించెను. ఇరుపక్షముల సేనాపతులును తమ యాజ్ఞలను వ్రాసి మధ్యస్థున కీయవలెను. దూరముననున్న దళమునకు వార్త పోవలెనన్నచో, వార్తాహరుని గుఱ్ఱమునకు పట్టు కాల మంతయు గడువవలెను. కంటికి కనబడని శత్రుదళము పటముమీదికి రానేరాదు. కాల్పుల ఫలమును పాచికలు, పట్టికలు చెప్పును. సేనాధికారుల కార్యాలయమునకు ముఖ్యుడైన మ్యూఫ్లింగ్ దీనిని చూచి సంతసించి సైన్యమంతటికిని సిఫారసు చేసెను. ఆ యువకుని కథ మాత్రము విషాదాంతము. టోర్గౌ పట్టణమునకు బదిలీయై, అది తనకు వెలివేతయని కుందుచు, 1827లో తన ప్రాణమును తానే తీసికొనెను.

కాలక్రమమున పట్టికలు పెరిగి, నియమములు నియమములను కని, మధ్యస్థుడు లెక్కల గుమాస్తా యయ్యెను. మెకెల్ అను అధికారి 1873లో దీని నాక్షేపించెను. 1876లో వెర్డీ డు వెర్న్వా యనునాతడు పట్టికలు పాచికలు కట్టిపెట్టి, యుద్ధ మెరిగిన మధ్యస్థుని మాటయే ప్రమాణమనెను. ‘పుస్తకమున నిషేధము లేదు గనుక నేను చేయవచ్చును’ అను వాదమునకు దీనితో చోటు పోయెను. లొసుగు పోయినదా యందురా? పుస్తకమునుండి మనుష్యునిలోనికి పోయినదని నా యభిప్రాయము. భారతయుద్ధారంభమున ఇరుసేనలును నియమములు చేసికొనియే దిగినవి. తుదకు గదాయుద్ధమున భీముడు తొడలు విరుగగొట్టినప్పుడు, ఇరువురకును గురువైన బలరాముడు అక్కడనే యుండి అధర్మమని కోపించెను. ఆయన మాట చెల్లలేదు, రథమెక్కి ద్వారకకు పోయెను.

ఇంగ్లండున వెల్స్ అను ప్రసిద్ధ రచయిత తగరపు బొమ్మసిపాయీలతో నేలమీద ఆడు ఆటను 1913లో పుస్తకముగా వెలువరించెను. స్నేహితులాడుకొను ఆటకు మధ్యస్థుని ఎక్కడనుండి తెచ్చుట? ఆయన గడియారమును తెచ్చెను. ముప్పదిమంది బొమ్మలకు ఒక నిమిషము, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషము. ఆ వ్యవధిలో కదలనివి కదలకయే యుండును. ఆయన ఫిరంగి పాచికలతో పనిలేక కొయ్యముక్కను నిజముగా విసరును. తగిలిన బొమ్మ పడును, తగవు లేదు. నాకు మిక్కిలి నచ్చిన సంస్కరణ మిదియే.

ఫిరంగివాండ్ర చేతులకట్టును విప్పినవారు మరి చాలకాలమునకు వచ్చిరి. 1989లో అచ్చటనే వెలువడిన స్పేస్ హల్క్ అను బొమ్మలాటలో, సిపాయి తన వంతులో కొంత శక్తిని వెచ్చించి కాపునకు నిలువవచ్చును. అట్లు నిలిచినవాడు ఎదుటివాని వంతులో, తనకు కనబడునట్లు శత్రువు కదలిన ప్రతిమారును కాల్చును. రెండు పాచికలును ఒకే సంఖ్య చూపినచో తుపాకి బిగిసికొనును.

ఇది యంతయు పిల్లలాట యనుకొనువారికి ఒక్క సంగతి చెప్పవలెను. పైని చెప్పిన మెకెల్ 1885 మొదలు 1888 వరకు జపానులో సేనాధికారులకు బోధించెను. ఆ దేశపు నౌకాసేనలోను బల్లమీది యుద్ధములు పరిపాటియే. 1942 మే మొదటి దినములలో యమాతో యను యుద్ధనౌకపై, మిడ్వే ద్వీపముమీది దాడిని వారు ఆడిచూచిరి. అప్పటి సంగతిని ఫుచిదా, ఒకుమియా అను ఇరువురు అధికారులు తరువాత గ్రంథస్థము చేసిరి. ఒకుమియా ఆ యాటలో మధ్యస్థులలో నొకడు. అమెరికా విమానములు జపాను విమానవాహక నౌకలపై పడినవి. ఆయన పాచికలు వేసి, తొమ్మిది బాంబులు తగిలినవనియు, అకాగి, కాగా అను రెండు నౌకలును మునిగినవనియు నిర్ణయించెను. ఆటకు అధ్యక్షుడైన ఉగాకి సేనాని వెంటనే అడ్డుపడి, తగిలినవి మూడే యనెను. అకాగికి స్వల్పగాయము, కాగా మాత్రము మునిగినదని తీర్పు మారెను. తరువాతి ఘట్టమున దక్షిణద్వీపములమీది దాడిని ఆడునప్పుడు మునిగిన ఆ కాగాయే మరల తేలి వచ్చి యుద్ధము చేసెను! శత్రునౌకలు ప్రక్కనుండి వచ్చిపడిన నేమి చేయుదురని ఉగాకియే యడిగెనట. సరియైన సమాధానము రాలేదు.

జూన్ 4వ తేదీ ఉదయము అమెరికా విమానములు వంతుకొరకు వేచియుండలేదు. పదిన్నర గంటల ప్రాంతమున, కొలది నిమిషములలో అకాగి, కాగా, సోర్యు అను మూడు నౌకలును అంటుకొన్నవి. సాయంకాలమునకు హిర్యు యనునదియు. కాగా ఆ సాయంకాలమే మునిగెను. దానితో మడిసినవారు ఎనిమిదివందలకు పైబడిరి.