ఇరవై ఒకటి అనే లెక్క వెనక కడప తారీఖ్

1938 అక్టోబర్ 1న కడప జిల్లాలో కల్లు, సారా దుకాణాలు బంద్ అయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ హుకూమత్ అంతకు సరిగ్గా ఏడాది ముందు సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. రెండో విడతలో చిత్తూరుతో పాటు మన జిల్లా వంతు వచ్చింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల అన్నీ అందులోనివే. అంగ్రేజుల జమానాలోనే ఖానూన్ పెట్టి షరాబ్ ఆపిన తొలి జిల్లాల్లో మనదొకటి. ఈ సంగతి మన ఇళ్లల్లో ఎవరూ చెప్పుకోరు.

ఆ ఖానూన్‌లో కొనేవాడి ఉమర్ ప్రసక్తి పెద్దగా అవసరం పడలేదు. పర్మిట్లున్న కొద్దిమందిని వదిలేస్తే, అరవై ఏళ్ల ముసలాయనకు అమ్మినా పదిహేనేళ్ల పిల్లోడికి అమ్మినా జుర్మ్ ఒకటే. అయితే జమ్మలమడుగు తాలూకాకు అటు తాడిపత్రి, ఇటు కోవెలకుంట్ల. అవి అనంతపురం, కర్నూలు జిల్లాలు. ఆ ఖానూన్ అప్పటికి అక్కడికి పోలేదు. సరిహద్దు ఊర్లలో అది ఎంతవరకు నిలబడి ఉంటుందో మీరే అందాజా వేసుకోండి.

ఆబ్కారీ ఆమ్దనీ పోతే ఖజానాకు గుంట పడింది. దాన్ని పూడ్చడానికి 1939లో అదే హుకూమత్ సేల్స్ టాక్స్ తెచ్చింది. ఈరోజు ప్రొద్దుటూరులో చీర కొని మనం కట్టే పన్నుకు దాదా అదే. షరాబ్ పైసా మానేయాలంటే వేరే పైసా వెతుక్కోవాలని ఆ రోజు ఒప్పుకున్నారు. నాకు నచ్చేది ఆ నిజాయితీ. తర్వాత వచ్చిన హుకూమత్‌లలో అది కరువైంది.

యుద్ధకాలంలో గవర్నర్ పాలన నిషేధాన్ని పక్కన పెట్టింది. ఆజాదీ వచ్చాక, 1948 అక్టోబర్ 2 నాటికి మొత్తం ప్రెసిడెన్సీకి మళ్లీ పరిచారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక ఇదే మస్లా మీద 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చివరికి 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. నిషేధం పోయి లైసెన్సుల దౌర్ మొదలైంది.

అమ్మడం జాయిజ్ అయ్యాకే, ఎవరికి అమ్మకూడదు అన్న సవాల్ పుడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి జవాబు 21 ఏళ్లు. నా దృష్టిలో ఆ అంకె, 1938లో అందరికీ వర్తించిన నిషేధంలో మిగిలిన చిన్న తునక. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం తర్వాత 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యం ఆగింది, 1997లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. 2019లో దుకాణాలు సర్కార్ చేతికి పోయాయి, 2024లో తిరిగి ప్రైవేటు చేతికి వచ్చాయి. తునక మాత్రం అట్లాగే ఉంది.

ఇక సజా సంగతి. 21 లోపు వాళ్లకు అమ్మితే ఎక్సైజ్ ఖానూన్ కింద లైసెన్సు మీద చర్య ఉంటుంది. అసలు బరువైన సజా ఇంకో చట్టంలో ఉంది. 2015 బాలల న్యాయ చట్టం, సెక్షన్ 77. డాక్టర్ రాసిస్తే తప్ప, 18 ఏళ్లు నిండని వాళ్లకు మద్యం గానీ, మత్తుమందు గానీ, పొగాకు గానీ ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన ఖైద్, లక్ష రూపాయల వరకు జుర్మానా. అంతకు ముందున్న 2000 నాటి చట్టంలో ఇది మూడేళ్లే. పిల్లోడితో షరాబ్ మోయించినా, అమ్మించినా సెక్షన్ 78 కింద ఇంతే సజా. 18 నిండి 21 నిండని కుర్రాళ్ల విషయంలో మాత్రం ఈ చట్టం పనికిరాదు, మిగిలేది ఎక్సైజ్ షరతే.

"ఇచ్చినా" అన్న మాట దగ్గర మనం ఆగాలి. అక్కడ దుకాన్‌దార్ అని రాయలేదు. షాదీ రాత్రి మేడ మీద పదహారేళ్ల తమ్ముడికి గ్లాసు అందించే ఖాలా కొడుకు కూడా ఆ మాటలోకి వస్తాడు. గుట్కా ప్యాకెట్ తెచ్చిపెట్టే చాచా కూడా వస్తాడు. మనకు ఇది కొత్త ఉసూల్ కాదు. తిర్మిజీ, ఇబ్నె మాజా హదీసుల్లో షరాబ్ విషయంలో లానత్ పదిమంది మీద చెప్పారు: తాగేవాడు ఒక్కడే కాదు, పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ పైసా తినేవాడు కూడా. "మావోడు తాగడు, ఊరికే తెచ్చిచ్చాడు" అని సఫాయీ చెప్పే అమ్మీలు మన మొహల్లాల్లో ఉన్నారు. దీన్‌లోనూ ఖానూన్‌లోనూ ఆ సఫాయీ చెల్లదు.

సజా ఇంత పెద్దదైనా 2021లో ఈ చట్టాన్ని సవరించి మూడు నుంచి ఏడేళ్ల ఖైద్ ఉన్న నేరాలను నాన్-కాగ్నిజబుల్ చేశారు. అంటే మెజిస్ట్రేట్ హుకుమ్ లేకుండా పోలీసులు తమంత తాము దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌కు పోయిన బాప్‌కు "కోర్టుకు పోండి" అన్న జవాబు వస్తే, అది తప్పించుకునే మాట కాకపోవచ్చు, ఖానూన్ అట్లా మారింది. వకీల్‌ను పట్టుకుని మెజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాద్ వేయాలి. పిల్లోడి హిఫాజత్ కోసం 1098కి ఫోన్ చేయొచ్చు, దానికి ఎవరి హుకుమ్ అక్కర్లేదు.