ఆకాశరామన్న ఆచూకీ

తపాలా శాఖలో సార్టింగ్ చేసినవాణ్ణి. బెదిరింపు ఉత్తరంతో పోలీసులొస్తే మేం ముందు కవరు మీది ముద్ర చూసేవాళ్లం: ఏ పోస్టాఫీసు, ఏ తేదీ అని. చేతిరాత పోల్చడానికి సిమ్లా, కలకత్తా, హైదరాబాదుల్లో కేంద్ర నిపుణులుండేవారు. పేరు దాచి బెదిరిస్తే అదనంగా 2 ఏళ్ల వరకు జైలని, 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 507వ సెక్షన్‌లోనే ఉండేది.

ఈమెయిల్‌కూ ముద్రలున్నాయి. 1982 నాటి నియమాల ప్రకారం మెయిల్ దాటే ప్రతి సర్వరూ తన వివరం, సమయం హెడర్ (మెయిల్ వెంట వెళ్లే వివరాల పట్టీ) పైభాగాన చేరుస్తుంది. అందుకే కింది నుంచి చదవాలి. అయితే పంపినవారి పేరే కాదు, అడుగు వరుసలనూ కల్పించవచ్చు. మన సర్వర్ రాసిన వరుసే గట్టి ఆధారం. అందులోని ఐపీ చిరునామా ఆ నిమిషాన ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీ లాగ్‌లు చెప్పాలి.

2013 డిసెంబరులో పరీక్ష తప్పించుకోవడానికి హార్వర్డ్‌కు బాంబు బెదిరింపు పంపిన విద్యార్థి, జాడ దాచే టోర్ వాడాడు. కానీ వాడింది విశ్వవిద్యాలయం వైఫై. ఆ వేళ టోర్‌కు వెళ్లినవారెవరో లాగ్‌లో ఉంది. ఎఫ్‌బీఐ అడిగితే ఒప్పేసుకున్నాడు.

అలాంటి మెయిల్ వస్తే చెరపకండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ వెళ్లదు. పూర్తి మెయిల్‌ను ఫైలుగా దాచి సైబర్ పోలీసులకివ్వండి.